తక్కువ ఖర్చుతో గతాన్ని తెరకెక్కించడం: గుంటూరు డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ జీవితం ఆధారంగా ఒక పరిశీలన

శాసనాలు, ప్రభుత్వ రికార్డులు, ఉత్తరాలు, మౌఖిక సాక్ష్యాలు చరిత్ర రచనకు ఎలా ఉపకరిస్తాయో ఇంతకు ముందు పాఠాలలో మీరు చదివారు. అవే ఆధారాలతో పుస్తకానికి బదులు ఒక చిన్న సినిమా తీయవలసి వస్తే ఏమవుతుంది? ఈ వ్యాసం దాని గురించి. ఇది నాకై నేను వేసుకున్న ప్రశ్న కాదు. ముక్తేశ్వరం, అయినవిల్లి వైపు నుంచి కాంటాక్ట్ క్లాసులకు వచ్చే విద్యార్థులు అడిగినది. వారి దగ్గర ఒక కెమెరా ఉంది, నాటకాలాడిన అనుభవం ఉన్న నలుగురైదుగురు ఉన్నారు, డబ్బు మాత్రం లేదు. గుంటూరులో పనిచేసిన ఒక కన్యస్త్రీ డాక్టరు కథ తీద్దామనుకుంటున్నారు. చరిత్ర విద్యార్థిగా మీరు ఆ బృందంలో ఉంటే ఏ పని మీద వేసుకోవాలి, దేనికి అడ్డు చెప్పాలి అన్నవి ఇక్కడ చూద్దాం.

ముందు కథానాయిక గురించి. మేరీ గ్లౌరీ 1887 జూన్ 23న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, బర్రెగర్రా అనే చిన్న ఊళ్లో పుట్టింది. ఐరిష్ మూలాలున్న కతోలిక కుటుంబం. మెల్బోర్న్ విశ్వవిద్యాలయం వైద్య విద్యలో ఆడపిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టింది కూడా ఆ 1887లోనే. ఆమె అక్కడే చదివి 1910లో వైద్య పట్టా పుచ్చుకుంది. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో కొంతకాలం పనిచేసి, మెల్బోర్న్‌కు తిరిగివచ్చి కంటి వైద్యంలోనూ, సెయింట్ విన్సెంట్ ఆసుపత్రిలోనూ మంచి పేరు తెచ్చుకుంది. 1915లో ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండ్ వైద్యురాలిని గురించిన ఒక చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చింది. భారతదేశంలో మగ డాక్టరు ముందుకు రాలేని స్త్రీలకు వైద్యం అందించాలని తపనపడి, రావల్పిండిలో ఆసుపత్రి పెట్టించిన మనిషి మెక్‌లారెన్. ఆ పుస్తకం చదివాక తన దారి ఏమిటో గ్లౌరీకి తెలిసిపోయింది. 1916లో మెల్బోర్న్‌లో కతోలిక స్త్రీల సాంఘిక సంఘానికి తొలి అధ్యక్షురాలైంది. 1919లో ప్రసూతి, స్త్రీ వ్యాధులు, కంటి వైద్యం ప్రధానాంశాలుగా ఎం.డి. పూర్తిచేసింది. 1920 ఫిబ్రవరి 12న గుంటూరు చేరి, 1904 నుంచి అక్కడ పనిచేస్తున్న డచ్చి మఠం 'జీసస్ మేరీ జోసెఫ్ సమాజం'లో చేరింది. అక్కడ ఆమె పేరు సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్. వచ్చేనాటికి వయసు 32. 1957 మే 5న బెంగళూరులో చనిపోయేనాటికి 69. మధ్యలో ఉన్న 37 ఏళ్లే మన సినిమా.

ఈ కథలో నాటకీయత ఎక్కడుంది? విద్యార్థులు మొదట చెప్పే జవాబు, 'ఆమె ఆస్ట్రేలియా వదిలి వచ్చింది' అని. అది త్యాగం, కథలో సంఘర్షణ వేరే చోట ఉంది. 1917లో వెలువడిన కతోలిక చర్చి ధర్మశాస్త్ర స్మృతి ప్రకారం గురువులు గానీ మఠవాసులు గానీ పోపు ప్రత్యేక అనుమతి లేకుండా వైద్యం, శస్త్రచికిత్స చేయరాదు. కాన్పులు చేయడమైతే మరీ అభ్యంతరకరం. అంటే గ్లౌరీ డాక్టరుగా ఉండవచ్చు, లేదా కన్యస్త్రీగా ఉండవచ్చు. రెండూ కావాలంటే రోము నుంచి కాగితం రావాలి. పోపు 15వ బెనెడిక్ట్ ఆమెకు ఆ అనుమతి ఇచ్చాడు. మిగతావారందరికీ సాధారణంగా ఆ తలుపు తెరుచుకున్నది 1936 ఫిబ్రవరిలో వచ్చిన ఆదేశంతోనే. ఆ 16 ఏళ్లు గుంటూరులో కాన్పు గదిలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ ఆమె ఒక మినహాయింపు కిందనే అడుగుపెట్టింది. ఇది చూపించడానికి సెట్టు అక్కరలేదు. ఒక బల్ల, ఒక ఉత్తరం, దానికోసం నెలల తరబడి ఎదురుచూసే ఒక ముఖం చాలు. తక్కువ డబ్బుతో సినిమా తీసేవారికి ఇలాంటి కథ దొరకడం అదృష్టమనే చెప్పాలి.

'మొట్టమొదటి' అనే మాటతో జాగ్రత్త. గ్లౌరీని తొలి కతోలిక కన్యస్త్రీ డాక్టరుగా గౌరవించడం పరిపాటి. ఆ గౌరవం ఆమెకు తగినదే. కానీ పోస్టరు మీద 'గుంటూరులో మొదటి లేడీ డాక్టరు' అని వేస్తే చరిత్ర తలకిందులవుతుంది. అమెరికన్ లూథరన్ మిషనుకు చెందిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లోనే గుంటూరు వచ్చింది. ఆమె నెలకొల్పిన ఆసుపత్రి నేటికీ ఆమె పేరుతోనే ఉంది. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. అంటే పదేళ్లపాటు ఒకే పట్నంలో ఇద్దరు విదేశీ వైద్యురాళ్లు, రెండు వేర్వేరు శాఖల క్రైస్తవుల తరపున పనిచేశారు. వారిద్దరూ ఒక దీపం కింద కూర్చుని మనసు విప్పి మాట్లాడుకునే సీను రాయాలని రచయితకు చెయ్యి దురదపెడుతుంది. ఆధారం చేతికి వచ్చేదాకా రాయనివ్వకండి. అలాగే దేశమంతా ఆడ డాక్టర్లు లేక అల్లాడుతుంటే తెల్లదొరసాని దిగివచ్చిందన్న ధోరణి కూడా సరికాదు. డఫ్రిన్ నిధి 1885లోనే మొదలైంది. మద్రాసు మెడికల్ కాలేజీలో ముత్తులక్ష్మీ రెడ్డి 1912లో పట్టా పొందింది. కొరత నిజమే. గుంటూరు పల్లెలకు ఆ కొరత ప్రాణాంతకమైన మాటా నిజమే. అయితే 'ఘోషా స్త్రీలు మగవైద్యుణ్ణి చూడరు' అనే వాక్యం మిషనరీ సంస్థలకు స్వదేశంలో చందాలు పోగుచేసిపెట్టిన వాక్యం కూడా. ఆధారాన్ని చదివేటప్పుడు అది ఎవరికోసం రాయబడిందో చూడాలని ఈ కోర్సులో మీరు నేర్చుకున్నది ఇక్కడ అక్కరకొస్తుంది.

ఆమె దిగిన గుంటూరు ఎలాంటిది? మద్రాసు ప్రెసిడెన్సీలో 1904లో ఏర్పడిన కొత్త జిల్లాకు ముఖ్యపట్టణం. ఆమె వచ్చిన మరుసటి ఏడే చీరాల–పేరాల ఉద్యమంలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఊరే ఖాళీ చేశారు. పెదనందిపాడు రైతులు పన్నులు కట్టమన్నారు. 1922లో పలనాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలయ్యాడు. తెల్లముఖం కనబడితే జిల్లా జనం రెండోసారి తేరిపార చూసే రోజులవి. ఆ ముఖం బిడ్డను కనడానికి సాయపడుతుంటే అదే జనం ఏమనుకున్నారు? సినిమాకు ఇది అసలైన ప్రశ్న. ఊరేగింపులు, లాఠీచార్జీలు తీయడానికి మీ దగ్గర డబ్బు లేదు కాబట్టి ఇది ఒకే ఒక వరండాలో జరగాలి. ఖద్దరు కట్టుకున్న ఒక భర్త, లోపల నొప్పులు పడుతున్న భార్య, గుమ్మంలో సిస్టరు. బయట వీధిలో నినాదాలు శబ్దంగా వినబడితే చాలు.

తక్కువ ఖర్చు అనగానే నాసిరకం అనుకోనక్కరలేదని చెప్పడానికి రెండు ఉదాహరణలు. ఫ్రెంచి దర్శకుడు అలెన్ కావలియే 1986లో 'తెరేజ్' అనే సినిమా తీశాడు. లిజియు పట్టణపు కన్యస్త్రీ, పునీత తెరేసమ్మ జీవితం అది. మఠాన్ని ఆయన కట్టించలేదు. స్టూడియోలో వెనక ఒక సాదా తెర, ముందు ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కిటికీ వెలుతురు మాత్రమే. ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో దానికి జ్యూరీ బహుమతి వచ్చింది. రెండో ఉదాహరణ మన ఇంటిదే. బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించగా గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' 1980లో విడుదలైంది. తెలంగాణ సాయుధ పోరాటం వంటి పెద్ద చరిత్రను అది పెద్ద తారలు లేకుండా, పల్లెల్లోనే, పల్లెజనంతో తీసింది. ఈ రెండింటికీ పద్ధతులు వేరు. ఒకటి ప్రపంచాన్ని ఫ్రేములోంచి తీసేసింది, ఇంకొకటి ఉన్న ప్రపంచంలోకి వెళ్లి నిలబడింది. మన కన్యస్త్రీ కథకు రెండూ కొంచెం కొంచెం కావాలి. మెల్బోర్న్ దృశ్యాలు తెరేజ్ పద్ధతిలో, ఒక గది, ఒక దీపం, ఆ చిన్న పుస్తకం. గుంటూరు దృశ్యాలు మా భూమి పద్ధతిలో. ఇటీవలి కాలంలో, 2023లో, సిస్టర్ రాణి మరియ జీవితంపై 'ది ఫేస్ ఆఫ్ ది ఫేస్‌లెస్' అనే సినిమా కూడా వచ్చింది. మధ్యప్రదేశ్‌లో పేదల మధ్య పనిచేసి 1995లో హత్యకు గురైన కేరళ కన్యస్త్రీ ఆమె. వీలైతే చూడండి. ముప్పై ఏళ్ల కిందటి కాలాన్ని చూపడమే ఎంత పనో తెలుస్తుంది. మనది వందేళ్ల కిందటిది.

ఇక మా ముక్తేశ్వరం విషయానికి వద్దాం. షూటింగు ఇక్కడే చేస్తామని విద్యార్థుల పట్టు. ఎందుకంటే ఇక్కడ భోజనాలకు ఖర్చుండదు, ఇళ్లు అడిగితే ఇస్తారు. ఇది చిన్న కారణమేం కాదు. చిన్న సినిమాలు సగం ఆగిపోయేది వసతి, భోజనం, ప్రయాణం ఖర్చుల దగ్గరే. కోనసీమలో ఇంకా మిగిలివున్న మండువా లోగిళ్లు, పెంకుటిళ్ల అరుగులు, చెక్క దూలాలు లోపలి దృశ్యాలకు చక్కగా సరిపోతాయి. డిస్పెన్సరీ గది, మఠం భోజనశాల, రోగి ఇంటి పడకగది, ఇవన్నీ ఒకే ఇంట్లో తీయవచ్చు.

చిక్కంతా గడప దాటాకే. గుంటూరు నల్లరేగడి నేల, మిరప, పొగాకు, తాడిచెట్లు. ఇక్కడ కెమెరా ఏ వైపు తిప్పినా కొబ్బరిమట్ట అడ్డొస్తుంది. చూసేవారికి చరిత్ర తెలియకపోవచ్చు గానీ తెలుగువాడికి కొబ్బరితోటకూ మిరపచేనుకూ తేడా తెలుసు. కాబట్టి నా సలహా ఇది: లోపలి దృశ్యాలు ముక్తేశ్వరంలో తీయండి. బయటి దృశ్యాలు నాలుగు రోజులకు కుదించి గుంటూరు, పలనాడు పల్లెల్లో తీయండి. నాలుగు రోజుల ప్రయాణం ఖర్చు, అబద్ధపు పచ్చదనంతో నిండిన రెండు గంటల సినిమా కన్నా చవక.

రేవు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి పంటు మీద గౌతమి దాటిన ప్రతివాడికీ అక్కడొక సినిమా కనబడుతుంది. 'మూగమనసులు' నాటినుంచీ గోదావరి మీద పడవ అంటే తెలుగు ప్రేక్షకుడికి ఒక మైకం. మా విద్యార్థులు కూడా సిస్టరు పడవలో వచ్చే సీను రాసుకున్నారు. అందంగానే రాశారు. కానీ గుంటూరుకు అప్పటికే రైలు ఉంది, గోదావరి దాటవలసిన పని ఆమెకు లేదు. సరే, వేరే పాత్ర కోసమైనా రేవు కావాలంటారా? అయితే లెక్క చూసుకోండి. కాకినాడ–కోటిపల్లి రైలు మార్గం 1928లో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం అవసరాలకు 1940లో పట్టాలు పీకేశారు. మళ్లీ రైలు తిరిగింది 2004లో. 1925 నాటి సీనులో అవతలి ఒడ్డున రైలు కూత వినబడితే తప్పు, 1945 నాటి సీనులో వినబడినా తప్పే, 1935లో అయితే ఒప్పు. ఇప్పుడు నది మధ్యలో లేచిన రైలువంతెన స్తంభాలు ఏ కాలానికీ పనికిరావు. కెమెరాను వాటికి వీపు పెట్టి నిలపాలి. పంటు ఇంజను చప్పుడు కూడా మైకులోకి రాకూడదు. ఆ చప్పుడు మనకు ఎంత అలవాటంటే, అది ఉందన్న సంగతే చెవికి తెలియదు.

మాట విషయంలోనూ ఇదే గొడవ. మన కోనసీమ నటుడు అలవాటుకొద్దీ 'ఆయ్' అన్నాడంటే గుంటూరు రోగి కాస్తా అమలాపురం వెళ్లిపోతాడు. నటులను గుంటూరు యాసలోకి దింపడం కష్టమైతే మాటలు తగ్గించండి. నొప్పితో ఉన్న మనిషి ఎక్కడైనా తక్కువే మాట్లాడుతుంది. ఆమెను జనం ఏమని పిలుస్తారో కూడా ఆలోచించండి. ఆ కాలపు కోస్తాలో తెల్ల స్త్రీ అంటే 'దొరసాని'. అక్కడినుంచి 'డాక్టరమ్మ' దాకా, ఆ పైన 'అమ్మ' దాకా పిలుపు మారుతుంది. ఆ మార్పు ఒక్కటే సరిగ్గా పట్టుకుంటే పదేళ్లు గడిచాయని తెరమీద అక్షరాలు వేయనక్కరలేదు.

వైద్యం దగ్గర మీ బృందానికి నిజంగా చరిత్ర చదివినవాడు కావాలి. 1920లో వైద్యుడి చేతిలో ఏం లేవో తెలుసుకోవడమే ముఖ్యం. సల్ఫా మందులు వాడుకలోకి వచ్చింది 1930ల మధ్య నుంచి. పెనిసిలిన్ సామాన్య రోగికి అందింది రెండో ప్రపంచయుద్ధం తరవాత. అంటే గ్లౌరీ గుంటూరులో పనిచేసిన మొదటి 15 ఏళ్లు బాలింత జ్వరం వస్తే ఆమె చేయగలిగింది శుభ్రత, సేవ, ఎదురుచూపు. ఎం.డి. చదివిన మనిషి, చేతులు కడుక్కుని, నీళ్లు మరిగించి, రాత్రంతా పక్కన కూర్చుంటుంది. తెల్లవారేసరికి జ్వరం దిగవచ్చు, దిగకపోవచ్చు. మన సినిమాల్లో అలవాటైన 'ఇంజక్షను పొడిచింది, కళ్లు తెరిచింది' సీను ఇక్కడ అబద్ధం. దాని బదులు ఆమె ఓడిపోయిన ఒక రాత్రిని చూపండి. ఆ రాత్రి తీయడానికి ఒక లాంతరు, ఒక మంచం ఖర్చు.

ఆ గదిలో ఇంకెవరున్నారన్నది నా దృష్టిలో ఈ సినిమాకు అన్నిటికన్నా పెద్ద పరీక్ష. మహనీయుల జీవితచిత్రాల్లో ఒక దురలవాటు ఉంది. ముందు మంత్రసానిని మురికి చేతుల మూర్ఖురాలిగా చూపిస్తారు, తరవాత డాక్టరును దేవతగా నిలబెడతారు. గ్లౌరీ చేసిన పనిలో అధికభాగం ఒక్కచేతి మీద జరిగింది కాదు. ఏళ్ల తరబడి ఆ మఠంలో ఆమె ఒక్కతే డాక్టరు. కాబట్టే స్థానిక స్త్రీలకు మందులు కలపడం, కాన్పులు చేయడం, నర్సింగు నేర్పింది. చిన్న డిస్పెన్సరీ సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిగా ఎదిగింది ఆ తెలుగు చేతుల వల్ల కూడా. ఆ స్త్రీల పేర్లు ఆమె పేరులా పుస్తకాలకెక్కలేదు. కల్పిత పాత్ర కావాలంటే ఇక్కడ కల్పించండి: గుంటూరు పల్లె నుంచి వచ్చి, మొదట సీసాలు కడిగి, పదేళ్లకు తానే కాన్పు చేయగలిగిన ఒక యువతి. కెమెరాను ఆమె భుజం మీద నుంచి పెట్టండి. దొరసాని ఆమెకు కనబడినట్టే మనకూ కనబడుతుంది. దీనివల్ల ఖర్చు కూడా తగ్గుతుంది. విదేశీ నటిని తెచ్చుకున్నా ఆమెతో తీయవలసిన రోజులు సగమవుతాయి. అయితే ఆ యువతి కల్పితమని సినిమా చివర అక్షరాల్లో స్పష్టంగా రాయాలి. గ్లౌరీ నోట పెట్టిన సంభాషణలు మీరు రాసినవని కూడా రాయాలి. 2013లో చర్చి ఆమెను 'దైవసేవకురాలు'గా ప్రకటించి పునీత పట్టం దిశగా విచారణ మొదలుపెట్టింది. ఆమె నోటి మాటగా మీరు రాసిన వాక్యం రేపు ఎవరి ప్రార్థన పుస్తకంలోనో నిజమైన మాటగా తేలే ప్రమాదం ఉంది.

దుస్తులు ఊహించవద్దు, ఆ మఠం పాత ఫొటోలు చూసి కుట్టించండి. రోగుల చీరలకు బండారులంక మగ్గాల ముతకనేత సరిపోతుంది. పాలియెస్టర్ అంచు మాత్రం దీపం వెలుగులో వెంటనే పట్టిస్తుంది. ఊళ్లో పాత పెట్టెలు తెరిపిస్తే ఇత్తడి గిన్నెలు, గాజు సీసాలు, లాంతర్లు దొరుకుతాయి. వాటికి అద్దె ఇవ్వకపోయినా పేరు రాసి తెచ్చి, అదే పేరుకు తిరిగి అప్పగించండి. ఒక్క వస్తువు పోయినా మరుసటి ఏడు ఎవరూ తలుపు తీయరు.

సినిమా ఎక్కడ ఆపాలి? చావు దగ్గర ఆపడం సులువు. నేనైతే 1943 దగ్గర ఆపుతాను. యుద్ధకాలం, మందులకు కటకట. ఆ ఏడు జులైలో ఆమె మరికొందరు కన్యస్త్రీలను కూడగట్టి కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించింది. ఇవాళ సికింద్రాబాదు కేంద్రంగా మూడు వేలకు పైగా సంస్థలతో నడుస్తున్నది అదే. మన దేశంలోనే డాక్టర్లను తయారుచేసే కతోలిక వైద్య కళాశాల కావాలన్నది ఆమె కోరిక. అది బెంగళూరులో సెయింట్ జాన్స్ పేరుతో 1963లో మొదలైంది, ఆమె పోయిన ఆరేళ్లకు. ఒక గదిలో బల్ల చుట్టూ కొందరు స్త్రీలు కూర్చుని కాగితం మీద సంతకాలు చేసే దృశ్యం. ఖర్చు దాదాపు ఏమీ లేదు.

అభ్యాసం: మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉన్న ఒక పాత ఆసుపత్రిని, బడిని లేదా సత్రాన్ని ఎంచుకొని, 1920–1957 మధ్య ఏదైనా ఒక రోజున అక్కడ జరిగే మూడు నిమిషాల దృశ్యం రాయండి. ఇద్దరికి మించి పాత్రలు వద్దు. దృశ్యం కింద, అందులోని ప్రతి వస్తువు ఆ ఏడాదిలో అక్కడ ఉండగలదని మీకెలా తెలిసిందో రెండేసి వాక్యాల్లో చెప్పండి. డబ్బు చేతులు మారే దృశ్యమైతే 1957 ఏప్రిల్ 1కి ముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలని, ఆ తేదీ నుంచి నయాపైసలని చూసుకోండి. ఆమె చనిపోయింది ఆ మార్పు వచ్చిన 34 రోజులకు. కాబట్టి ఆసుపత్రి గల్లాపెట్టెలో ఆమె చూసిన నాణేలన్నీ దాదాపుగా పాతవే.